జీతం పడిన గంటలోనే ఖాతా ఖాళీ: లోన్ యాప్‌ల కోతను ఆపేదెలా?

ఒకటోతారీకు
నిన్న ఉదయం 6.10కి జీతం 41,500 పడింది. నేను ముఖం కడుక్కుని వచ్చేసరికి ఒక లోన్ యాప్ 26,000, ఇంకొకటి 9,400 లాగేసుకున్నాయి. మూడోది మూడుసార్లు ప్రయత్నించింది. డబ్బు చాలక మూడుసార్లూ బౌన్స్ అయింది. ఒక్కోదానికి 590 చొప్పున బ్యాంకు 1,770 కోసింది. మిగిలింది 4,330. ఇంటి అద్దె 14,000.

బెంగళూరు మారతహళ్లిలో ఉంటాను. ఆరు నెలల కిందట తమ్ముడు ఉద్యోగం వెతుక్కోవడానికి వస్తే పీజీ వదిలేసి ఇల్లు తీసుకున్నాం. ఓనర్ లక్ష అడ్వాన్స్ అడిగాడు. కొంత తక్కువ పడింది, అక్కడ మొదలైంది. ఒకటి తీర్చడానికి ఇంకొకటి. మొదటి యాప్‌కు నాలుగు నెలలుగా ఇదే తంతు: ఒకటో తారీకున 26,000 కట్టడం, సాయంత్రానికి అందులోనే మళ్లీ 20,000 తీసుకోవడం. నిన్న మాత్రం తీసుకోలేదు. 'మీ కోసం 25,000 సిద్ధంగా ఉంది' అని మెసేజ్ వచ్చి కూర్చుంది.

మిగతా మూడింటికి ఇంకా 68,000 ఉంది. ఒకదానికి 37,600, ఒకదానికి 24,400, ఇంకో చిన్న యాప్‌కు 6,000.

ఏటీఎం కార్డు బ్లాక్ చేస్తే ఈ కోత ఆగుతుందా? ఖాతా మూసేయవచ్చా? జీతం వేరే బ్యాంకుకు మార్చుకుంటే కేసు పెడతారా? నీతులు తర్వాత చెప్పండి, వచ్చే ఒకటో తారీకు గట్టెక్కితే చాలు.

గీత_దాటను
వద్దన్నా ఒక్క నీతి చెబుతాను. తీసుకున్నప్పుడు సంతకం పెట్టారు కదా. ఇప్పుడు జీతం దాచుకోవడం అంటే ఎగ్గొట్టే ఆలోచనే.

సిల్క్‌బోర్డు_సిగ్నల్
జీతం ఉదయం 6.10కి వచ్చి 7కి వెళ్లిపోయింది అంటే, బెంగళూరులో ట్రాఫిక్ లేకుండా వేగంగా సాగిపోతున్నది అదొక్కటే.

కౌంటరు_వెనక
బ్యాంకులో పనిచేస్తాను. ఒక్కోటి చెబుతాను.

కార్డు బ్లాక్ చేస్తే ఆగదు. మాండేట్ (ఖాతా నుంచి డబ్బు తీసుకోవడానికి మీరిచ్చే అనుమతి) ఇచ్చేటప్పుడు మీరు డెబిట్ కార్డు వివరాలు కొట్టారు కాబట్టి అది కార్డుకు ముడిపడి ఉందనుకుంటున్నారు. కార్డు అక్కడ మీరే అని నిరూపించడానికి మాత్రమే. అనుమతి ఖాతాకు అంటుకుని ఉంటుంది. కార్డు మారినా, పిన్ మారినా అది బతికే ఉంటుంది.

మీది ఏ రకమో ఊహించగలను. 26,000 పిన్ అడగకుండా పోయిందంటే యూపీఐ ఆటోపే అయ్యే అవకాశం తక్కువ, ఇలాంటి వాటికి అందులో 15,000 దాటితే పిన్ అడుగుతుంది. కాబట్టి నాచ్ మాండేట్, అంటే బ్యాంకుల ద్వారా వాయిదాలు వాటంతటవే వసూలయ్యే పద్ధతిలోది. స్టేట్‌మెంట్‌లో ఆ వరుసలో 'ఏసీహెచ్' అని ఉందేమో చూడండి. నెట్ బ్యాంకింగ్‌లో మాండేట్ల పేజీ తెరిస్తే ఒక్కోదానికి యూఎంఆర్‌ఎన్ అనే 20 అక్షరాల సంఖ్య కనిపిస్తుంది. దాని పక్కన రెండు విషయాలు చూసి ఇక్కడ రాయండి: గరిష్ఠ మొత్తం ఎంత, ఎన్నిసార్లు తీసుకోవచ్చు అన్నది.

ఒకటోతారీకు
చూశాను. కళ్లు తిరిగాయి. 9,400 వాయిదా ఉన్న లోన్‌కు గరిష్ఠ మొత్తం 50,000 అని ఉంది. ఎన్నిసార్లు అన్నచోట 'సమర్పించినప్పుడల్లా'. ఇది నేనే ఒప్పుకున్నానా?

కౌంటరు_వెనక
మీరే. ఓటీపీ కొట్టే తొందరలో ఆ తెర ఎవరూ చదవరు. 'సమర్పించినప్పుడల్లా' అంటే నెలకు ఒకసారే అన్న హద్దు ఆ మాండేట్‌లో లేదని. అందుకే మూడోవాడు ఒకే ఉదయం మూడుసార్లు తలుపు కొట్టాడు. ప్రతి తట్టుకూ మీ బ్యాంకు 500, పైన 18 శాతం జీఎస్టీ. మీ బాకీ అతనికి ఒక్క రూపాయి తగ్గలేదు, మీకు మాత్రం 1,770 పోయింది. లోన్ ఇచ్చినవాడు కూడా తన వైపు బౌన్స్ రుసుము వేసి ఉంటాడు, చూసుకోండి.

మల్లేశ్వరం_అత్త
నాయనా, ముందు వడ్డీ లెక్క చెప్పు. 20,000 తీసుకుంటే చేతికి ఎంత వచ్చింది?

ఒకటోతారీకు
17,640 అండీ. రెండు వేలు ప్రాసెసింగ్ రుసుము, దాని మీద జీఎస్టీ 360 ముందే పట్టుకున్నారు. వడ్డీ రోజుకు ఒక శాతం. 30 రోజులకు 26,000.

మల్లేశ్వరం_అత్త
చేతికి వచ్చింది 17,640, కట్టింది 26,000. నెలకు 8,360 ఎక్కువ. అంటే నూటికి నలభై ఏడు రూపాయల వడ్డీ! మా ఊళ్లో నూటికి రెండు అంటే మామూలు, మూడు అంటే ముఖం చిట్లిస్తాం, ఐదు తీసుకునేవాడి గడప తొక్కం. 'రోజుకు ఒక శాతం' అని చెప్పేసరికి ఒకటే కదా అనుకున్నావు.

చిత్తూరు_మామిడి
నాలుగు నెలల్లో 33,440 వడ్డీకే పోయింది. అసలు అక్కడే ఉంది. ఆ డబ్బుతో ఓనర్‌కు తక్కువ పడినది ఎప్పుడో తీరిపోయేది.

గీత_దాటను
అందుకే అంటున్నా, తీసుకోకుండా ఉండాల్సింది.

చిత్తూరు_మామిడి
ఇల్లు కాలుతుంటే అగ్గిపుల్ల ఎవరు గీశారని అడగకండి సార్.

జీతాల_పట్టిక
ఒక కంపెనీలో జీతాల విభాగం చూస్తాను. ఇలాంటివి నెలకు ఒకటైనా నా బల్ల దగ్గరికి వస్తుంది. జీతం ఖాతా మార్చుకోవడం మీ హక్కు, కారణం చెప్పనక్కరలేదు. కానీ ప్రతి కంపెనీలో ఒక గడువు ఉంటుంది. మా దగ్గర 20వ తేదీ. 25న వచ్చి ఏడ్చినా పాత ఖాతాకే పోతుంది. కొత్త ఖాతా తెరిచి, క్యాన్సిల్ చేసిన చెక్కు తీసుకుని 15 లోపే ఇవ్వండి.

ఇంకొకటి. మీ లోన్లలో ఏదైనా నేరుగా బ్యాంకు ఇచ్చిందయితే ఆ బ్యాంకులో కొత్త ఖాతా తెరవకండి. బాకీ ఉన్న ఖాతాదారు సొమ్మును తమ బాకీకి జమ కట్టుకునే హక్కు బ్యాంకులకు ఉంటుంది.

నల్లకోటు
గీత_దాటను గారి మొదటి మాటకు జవాబు. జీతం ఎక్కడ పడాలో నిర్ణయించుకోవడం ఎగ్గొట్టడం కాదు. కట్టకుండా ఉండటం ఎగ్గొట్టడం. రెంటినీ కలపకండి.

కేసు సంగతి. చెక్కు బౌన్స్‌కు 138వ సెక్షన్ ఎలాగో, ఎలక్ట్రానిక్ చెల్లింపుకు 2007 నాటి చెల్లింపు వ్యవస్థల చట్టంలో 25వ సెక్షన్ అలాగ. ఖాతాలో సొమ్ము చాలక మాండేట్ తిరిగి వెళితే రెండేళ్ల వరకు జైలు, లేదా ఆ మొత్తానికి రెట్టింపు వరకు జరిమానా, లేదా రెండూ. భయపడే ముందు మిగతాది కూడా చదవండి. బౌన్స్ అయిన సంగతి బ్యాంకు నుంచి తెలిసిన 30 రోజుల్లో అప్పిచ్చినవాడు రాతపూర్వకంగా నోటీసు ఇవ్వాలి. అది అందాక మీకు 15 రోజుల గడువు. ఆలోపు కట్టేస్తే ఆ నేరం లేదు. అందుకే చిరునామా మారితే వాళ్లకు తెలియజేయమంటాను. నోటీసు పాత ఇంటికి వెళ్లి మీకు అందకపోతే నష్టం మీకే.

ఖాతా మూసేయడం మాత్రం వద్దు. చెక్కుల విషయంలో 'ఖాతా మూసివేశారు' అని తిరిగి వచ్చినా నేరమే అని సుప్రీంకోర్టు 1999లోనే తేల్చింది. మాండేట్ ఉండగా ఖాతా మూస్తే కోర్టులో మీ ఉద్దేశం బాగా కనిపించదు. ఉంచండి, ఖాళీగా ఉంచండి. మాండేట్ మాత్రం రాతపూర్వకంగా రద్దు చేసుకోండి.

సిల్క్‌బోర్డు_సిగ్నల్
'ఉంచండి, ఖాళీగా ఉంచండి.' నా ఖాతాకు ఈ సలహా పుట్టుకతోనే వచ్చింది.

కౌంటరు_వెనక
నల్లకోటు గారూ, ఖాళీగా ఉంచి మాండేట్ రద్దు కాకపోతే ప్రతి బౌన్స్‌కూ 590 పేరుకుంటుంది, తర్వాత ఎప్పుడు డబ్బు పడినా అది కోసుకుంటుంది. క్రమం ముఖ్యం. ముందు రద్దుకు అర్జీ, నెట్ బ్యాంకింగ్‌లో కానీ శాఖలో కానీ. తారీకుకు కనీసం పది రోజుల ముందు. రసీదు తీసుకోండి. కొన్ని శాఖల్లో 'లోన్ ఇచ్చినవాడి ఉత్తరం తెండి' అంటారు. వాదించకుండా 'ఆ మాట అర్జీ మీద రాసి ఇవ్వండి' అనండి. చాలాసార్లు రాయరు, రద్దు చేస్తారు.

యూపీఐలో ఆటోపే ఉంటే అదే యాప్‌లో మాండేట్ల జాబితా తెరిచి చూడండి. లోన్‌వి కొన్ని అక్కడ రద్దు కావు, వాటికీ బ్యాంకుకే వెళ్లాలి.

తప్పుకున్నవాడు
పొడవుగా రాస్తున్నాను, ఓపిక ఉన్నవాళ్లు చదవండి. 2023లో నాకు ఏడు యాప్‌లు. ఎలక్ట్రానిక్ సిటీలో ఉద్యోగం, జీతం 52,000, నెలకు కట్టాల్సింది 61,000. ఈ లెక్క ఎలా నడిచింది అని అడగకండి. ఎనిమిదో యాప్ దొరక్కపోవడం వల్లే బయటపడ్డాను అనుకుంటాను.

నేను చేసిన మొదటి మంచి పని మళ్లీ తీసుకోవడం ఆపడం. ఒకటోతారీకు నిన్న అదే చేశాడు, తనకు తెలియకుండానే పెద్ద అడుగు వేశాడు. ఆ 25,000 మెసేజ్ వచ్చిన యాప్‌లో బాకీ లేదు కదా, ఈ రోజే బాకీ లేదన్న పత్రం తీసుకుని, మాండేట్ రద్దు చేసి, మీ సమాచారం తొలగించమని మెయిల్ పెట్టి, అప్పుడు యాప్ తీసేయి. యాప్ తీసేస్తే లోన్ పోదు, పత్రం ముందు.

రెండోది, జీతం వేరే బ్యాంకుకు. మూడోది చాలామంది చేయరు: ఖాతా మార్చే ముందే ప్రతి ఒక్కరికీ మెయిల్ పెట్టాను. 'నా వాయిదా ఇక మాండేట్ ద్వారా రాదు. ప్రతి నెలా 5వ తేదీన ఇంత మొత్తం మీ లోన్ ఖాతాకు నేనే పంపుతాను. ఆలస్య రుసుము తగ్గించి, గడువు పెంచగలరేమో తెలపండి.' ఏడుగురిలో ఇద్దరు జవాబిచ్చారు. ఒకరు గడువు పెంచారు. మిగిలినవాళ్లు జవాబు ఇవ్వకపోయినా ఆ మెయిల్ నాకు తర్వాత పనికొచ్చింది. ఒకడు నేను పారిపోయానని మా ఆఫీసుకు ఫోన్ చేస్తే ఆ మెయిల్, చెల్లింపు రసీదులు జతచేసి వాళ్ల ఫిర్యాదుల అధికారికి పంపాను. 30 రోజుల్లో సరైన జవాబు రాకపోతే రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు, అంటే ఇలాంటి ఫిర్యాదులు తేల్చే అధికారికి. ఆన్‌లైన్‌లోనే పెట్టవచ్చు, రుసుము లేదు, 14448కి ఫోన్ చేస్తే చెబుతారు.

నాలుగోది నా తప్పు. 'మీ అప్పులన్నీ సగానికి మాట్లాడి పెడతాం, ఫోన్లు రాకుండా చూస్తాం' అన్న ఒక సంస్థకు 12,000 కట్టాను. మూడు నెలలు ఎవరికీ కట్టవద్దన్నారు. కట్టలేదు. ఫోన్లు రెట్టింపయ్యాయి, వాళ్ల ఫోన్ మాత్రం మూగబోయింది. చివరికి రెండు లోన్లు నేనే మాట్లాడి తగ్గించుకున్నాను. వాటికి క్రెడిట్ రిపోర్టులో 'పూర్తయింది' అని కాకుండా 'సెటిల్ అయింది' అని పడింది. మొన్న ఇంటి లోన్‌కు వెళితే బ్యాంకువాడు ఆ రెండు వరుసల మీదే వేలు పెట్టాడు. పూర్తిగా కట్టగలిగితే పూర్తిగానే కట్టు.

గీత_దాటను
ఇది ఒప్పుకుంటాను. చెప్పి, తేదీ ఇచ్చి, కట్టడం వేరు. నేను మొదట ఆ మాట అన్నది ఖాతా మార్చేసి ఫోన్ ఆపేసే వాళ్ల గురించి. మా బావమరిది అలా చేశాడు, ఫోన్లు నాకు వచ్చేవి.

మల్లేశ్వరం_అత్త
ఇప్పుడు అర్థమైంది మీ కోపం ఎక్కడిదో.

ఒకటోతారీకు
ఫోన్ల సంగతి అడగాలి. ఆ 6,000 చిన్న యాప్. చేతికి 3,900 ఇచ్చి ఏడు రోజుల్లో 6,000 అడిగింది. మాండేట్ లేదు, వాట్సాప్‌లో ఎవరిదో పేరున్న యూపీఐ ఐడీ పంపుతున్నారు. మొదట్లో కాంటాక్టులకు అనుమతి ఇచ్చాను. రాత్రి 10 గంటలకు మా మేనత్తకు ఫోన్ చేశారు. నా ఫొటో పంపిస్తామని బెదిరింపు.

నల్లకోటు
అది మిగతా మూడింటి గాటన కట్టకండి. లైసెన్సు ఉన్నవాడి లోన్ నేరుగా ఆ సంస్థ ఖాతా నుంచి మీ ఖాతాకు రావాలి, తిరిగి ఆ సంస్థ ఖాతాకే వెళ్లాలి. కాంటాక్టులు, ఫొటోలు, కాల్ జాబితా జోలికి యాప్ వెళ్లకూడదు. 2022 సెప్టెంబరు నుంచి రిజర్వ్ బ్యాంకు చెబుతున్నది ఇదే, 2025 మేలో వచ్చిన ఆదేశాల్లోనూ ఉంది. వసూలు ఫోన్లు ఉదయం 8కి ముందు, సాయంత్రం 7 తర్వాత చేయకూడదు. నియంత్రణలో ఉన్న సంస్థల లోన్ యాప్‌ల జాబితా ఆర్‌బీఐ వెబ్‌సైట్‌లో ఉంది, మీ నాలుగూ అందులో వెతకండి.

అందులో లేకపోతే, బెదిరింపు మెసేజ్‌ల తెరపటాలు తీసి 1930కి ఫోన్ చేయండి, సైబర్ నేరాల పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టండి. కర్ణాటకలో 2025 ఫిబ్రవరిలో వచ్చిన ఆర్డినెన్స్, ఆ తర్వాతి చట్టం బలవంతపు వసూళ్లకు పదేళ్ల వరకు జైలు, 5 లక్షల వరకు జరిమానా పెట్టాయి. ఆర్‌బీఐ దగ్గర నమోదైన బ్యాంకులు, ఎన్‌బీఎఫ్‌సీలు (బ్యాంకు కాని ఫైనాన్స్ సంస్థలు) దాని కిందకు రావు. ఇలాంటి అనామకుల మీదే దాని పదును.

చిత్తూరు_మామిడి
అనుభవంతో చెబుతున్నా. వాళ్లకు ఒకసారి కడితే 'ఇంకా 2,000 పెండింగ్' అంటారు. నేను 5,000 లోన్‌కు 17,000 కట్టాను. చివరికి నా కాంటాక్టులందరికీ నేనే మెసేజ్ పెట్టాను: 'నా పేరుతో ఏ చెత్త వచ్చినా తెరవకండి, తొలగించండి.' సిగ్గు అరగంట. ఆ తర్వాత వాళ్ల చేతిలో ఆయుధం లేదు. మా నాన్న మాత్రం 'మెసేజ్‌లో అక్షర దోషం ఉంది' అని జవాబు పెట్టారు.

ఒకటోతారీకు
జాబితాలో మూడు ఉన్నాయి, ఆ చిన్నది లేదు. మేనత్తకు, ఆఫీసు మిత్రులకు ఇప్పుడే మెసేజ్ పెట్టాను. 1930కి కూడా చేశాను. చేతులు వణికాయి కానీ అయిపోయింది.

ఇప్పుడు మిగతా రెండిటికి 62,000. నెలకు 15,000 మించి మిగలదు. అత్తగారూ, చీటీ ఒకటి ఉంది, నెలకు 3,000. పాడుకోనా?

మల్లేశ్వరం_అత్త
ఎన్నో నెల? రిజిస్టరు అయిన చీటీయేనా, వీధి చివర నోటిమాట చీటీయా? మొదటి నెలల్లో పాడితే ముప్పై శాతం దాకా పోతుంది, అయినా యాప్ కంటే నయం. ఇంట్లో బంగారం ఉంటే బ్యాంకులో కుదవ పెట్టు, నూటికి రూపాయి కూడా పడదు.

ఒకటోతారీకు
రెండో నెల, ఆఫీసు వాళ్లది, నోటిమాటే. బంగారం అమ్మది. అడగలేను.

సిల్క్‌బోర్డు_సిగ్నల్
ఇంతసేపు జోకులు వేశాను, ఒక పనికొచ్చే మాట. నీ దగ్గర లక్ష రూపాయలు ఉన్నాయి కదా. ఓనర్ బీరువాలో. వడ్డీ లేకుండా. నువ్వేమో నూటికి నలభై ఏడుకి అప్పు తెచ్చి, అతనికి నూటికి సున్నాకి ఇచ్చావు.

తప్పుకున్నవాడు
ఇది ఎవరికీ ఎందుకు తట్టలేదు! ఇల్లు ఖాళీ చెయ్యి. అన్నదమ్ములిద్దరూ డబుల్ షేరింగ్ పీజీకి వెళ్లండి, తిండితో కలిపి ఇప్పుడు అద్దెకూ వంటకూ పెడుతున్నంతే అవుతుంది. రంగుల పేరుతో ఒక నెల అద్దె కోస్తాడు, అది ఈ ఊరి ఆచారం. అయినా 86,000 వస్తుంది.

జీతాల_పట్టిక
ఒప్పందంలో నోటీసు కాలం చూసుకోండి. నెల అని ఉంటే ఈ రోజే వాట్సాప్‌లో కాకుండా కాగితం మీద ఇవ్వండి. వెళ్లే రోజు ఇల్లంతా వీడియో తీసుకోండి.

ఒకటోతారీకు
తమ్ముడికి చెబితే 'నాకు ముందే చెప్పి ఉంటే మొదటి నెలే పీజీకి వెళ్లేవాళ్లం' అన్నాడు. వాడికి ఇన్నాళ్లూ చెప్పలేదు. రేపు ఓనర్‌ను కలుస్తాను.

ఒకటోతారీకు
ఐదు వారాల తర్వాత వస్తున్నాను. జీతం కొత్త ఖాతాలో పడింది, సాయంత్రం దాకా అక్కడే ఉంది. నాలుగుసార్లు తెరిచి చూశాను. ఓనర్ రంగులకు 14,000, పగిలిన కుళాయికి 2,000 పట్టుకుని 84,000 ఇచ్చాడు. రెండు లోన్లూ పూర్తిగా కట్టేశాను, సెటిల్‌మెంట్ కాదు. పత్రాలు వచ్చాయి. చిన్న యాప్ వాళ్లు ఇంకో వారం అరిచి, నంబర్లు మార్చి, ఆగిపోయారు.

ఒక చిక్కు. 24,400 కట్టేసిన లోన్‌కు బాకీ లేదని 28న పత్రం ఇచ్చారు. అయినా ఒకటో తారీకున పాత ఖాతా మీద మళ్లీ మాండేట్ పంపారు! అందులో 212 రూపాయలు ఉన్నాయి. బౌన్స్, 590.

కౌంటరు_వెనక
ఆ మాండేట్ రద్దుకు అర్జీ ఇచ్చారా?

ఒకటోతారీకు
మిగతా రెండిటికి ఇచ్చాను. ఇది ఎలాగూ తీరిపోయింది కదా అనుకున్నాను.

కౌంటరు_వెనక
లోన్ తీరినంత మాత్రాన మాండేట్ దానంతట అది చావదు. జీతం పాత ఖాతాలోనే పడి ఉంటే 24,400 కట్టిన మూడో రోజే మళ్లీ పోయేది, వెనక్కి తెచ్చుకోవడానికి నెల తిరిగేవారు. పత్రం నకలు తీసుకుని శాఖకు వెళ్లండి, రద్దుకు అర్జీ ఇవ్వండి. 28 నాటి పత్రం చూపించి 590 వెనక్కి వేయమని లోన్ ఇచ్చినవాడికి మెయిల్ పెట్టండి, తప్పు వాళ్లది.

ఒకటోతారీకు
వెళ్లాను. మేనేజరు పత్రం చూసి 590 రద్దు చేశారు, వాళ్లతో నేను మాట్లాడతాలే అన్నారు. మాండేట్ కూడా పోయింది, జాబితా ఇప్పుడు ఖాళీ.

సిల్క్‌బోర్డు_సిగ్నల్
అసలు విషయం చెప్పలేదు. ఓనర్ ఆ 14,000తో ఏ రంగు వేయించాడు?

ఒకటోతారీకు
నిన్న ఒక కొరియర్ పాత చిరునామాకు వెళితే తెచ్చుకోవడానికి వెళ్లాను. కొత్తవాళ్లు దిగిపోయారు. గోడ మీద తమ్ముడు రాసుకున్న ఇంటర్వ్యూ తేదీలు అలాగే ఉన్నాయి.